పదకొండో తీగ

మూడో అంతస్తు పెద్దాయన్ని ఆ బిల్డింగులో అందరూ బిగింపు మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఇండోర్ స్టేడియం గేటు పక్కన, మనిషి కాళ్ళు చాపితే చెప్పులు రోడ్డు మీద ఉండేంత చిన్న కొట్లో కూర్చుని, ముప్పై ఎనిమిదేళ్ళు టెన్నిస్, బ్యాడ్మింటన్ రాకెట్లకి తీగలు బిగించాడు. బిగింపు అయ్యాక బొటనవేలితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు గానీ రాకెట్ చేతికిచ్చేవాడు కాదు. అందాకా పెద్ద పెద్ద ఆటగాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. తర్వాత్తర్వాత స్టేడియం వాళ్ళు కంప్యూటర్ మెషీన్ తెచ్చుకున్నారు. మాస్టారు కొట్టు మూసేసి, చేత్తో తిప్పే తన పాత మెషీన్ని ఇంటి బాల్కనీలో పెట్టుకున్నాడు. దాని మీద ఇప్పుడు తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

పని లేని మగాడు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఉప్పు డబ్బా మూత వంకరగా పెట్టారని ఒక గంట, గడియారం రెండు నిమిషాలు వెనకపడిందని ఇంకో గంట. "ఏవండీ, మిమ్మల్ని కూడా ఆ మెషీన్‌కి తగిలించి కాస్త బిగిస్తే గానీ నాకు మనశ్శాంతి లేదు," అనేది భార్య. ఆవిడ నోటికి జడిసి ఆయన బాల్కనీలోకి పోయి, తువ్వాళ్ళ పక్కన తనూ ఒక తువ్వాలులా కూర్చునేవాడు.

కొడుకు లిఫ్టు మెకానిక్. పొద్దున్న పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. కోడలు రెండు వీధుల అవతల రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. వారమంతా సూదులూ సీసాలతో గడిపే ఆ పిల్ల, ఆదివారం వచ్చిందంటే వంటింట్లో పది లీటర్ల పాలు పెట్టుకుని చీజ్ చేస్తుంది. "కొనుక్కుంటే దొరకదా తల్లీ," అని అత్తగారంటే, "కొంటే దొరుకుతుంది అత్తయ్యా, చేసిన సరదా దొరకదు," అంటుంది. ఇంతకీ ఆ సరదా ఏమిటంటే, పాలు గోరువెచ్చగా కాచి, థర్మామీటరుతో చూసి, తోడు వేసి, పాలని గడ్డ కట్టించే రెన్నెట్ మందు నాలుగు చుక్కలు కలిపి, ముప్పావుగంట గిన్నె దగ్గర ఎవర్నీ తుమ్మనివ్వకుండా కాపలా కాయడం. అప్పటికి పాలు మెత్తని గడ్డగా పేరుకుంటాయి. వేలు గుచ్చి పైకెత్తితే గడ్డ శుభ్రంగా చీలి, చీలిన చోట పసుపచ్చని తేట ఊరాలి. అలా ఊరితే కోతకి సిద్ధమన్నమాట.

అదిగో, ఆ కోత దగ్గరే పిల్లకి ఏడుపొచ్చేది. గడ్డనంతా గోరంత ముక్కలుగా, అన్నీ ఒకే సైజులో కొయ్యాలి. ముక్క పెద్దదైతే లోపల తేట మిగిలిపోయి చీజ్ పులుస్తుంది. చిన్నదైతే ఎండి పిండిలా రాలుతుంది. పొడుగు కత్తితో పైనుంచి నిలువుగా కోస్తే కోశాం, మరి గిన్నె లోపల అడ్డంగా ఎలా కొయ్యాలి? కత్తిని ఏటవాలుగా పెట్టి, ఊపిరి బిగబట్టి, ఎంత తంటాలు పడినా కొన్ని ముక్కలు అగ్గిపెట్టెలంత, కొన్ని ఆవగింజలంత. ఒక ఆదివారం మాస్టారు వంటింట్లోకి మంచినీళ్ళకని వచ్చి, గిన్నెలోకి తొంగి చూసి, ఉండబట్టలేక అనేశాడు. "ఏంటమ్మా ఇది, ఎలకలు కొరికినట్టు?"

కోడలికి ఒళ్ళు మండింది. "మీరైతే ఎలా కోస్తారు మామయ్యా?"

అంతే. ఆ మాట అనకపోతే బాగుండేదేమో గానీ, అంది. పెద్దాయన మంచినీళ్ళు కూడా తాగకుండా బాల్కనీలోకి పోయి మెషీన్ మీది తువ్వాళ్ళు తీసి అవతల పడేశాడు.

గిన్నె కొలతలు తీసుకుని, కొడుకు చేత స్టీలు కమ్మీని నలుచదరంగా వంచించి, పైన పిడి పెట్టించి, ఆకురాయితో సమాన దూరాల్లో గాట్లు పెట్టి, గాటుకో బెజ్జం వేసి, రెండ్రోజుల్లో చట్రం తయారు చేశాడు. నైలాన్ తీగ బిగించాడు. అడ్డం, నిలువు, ఒకదాని మీంచి ఒకటి, కింద నుంచి ఇంకొకటి, అల్లిక చూస్తే ఎవరైనా చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మామయ్యా, ఇది రాకెట్."

"రాకెట్టేంటి? చట్రం."

"దీంతో పాలు కొయ్యక్కర్లేదు, బంతి కొట్టొచ్చు."

గిన్నెలో దింపి లాగితే అల్లిక ముళ్ళ దగ్గర గడ్డ చితికి ముద్దయిపోయింది. పది లీటర్ల పాలు పాడు. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు మరి, ఖాళీ చట్రం చేతికిస్తే ఆ వేళ్ళు అల్లకుండా ఊరుకుంటాయా? "ఒక్కవైపే బిగిస్తే ఫ్రేమ్ నిలవదమ్మా," అని మాస్టారు కాసేపు వాదించి, మొహం చిన్నబుచ్చుకుని, చివరికి దారికొచ్చాడు. ఒకటికి రెండు చట్రాలు చేశాడు. ఒకదాంట్లో అన్నీ నిలువు తీగలే, రెండోదాంట్లో అన్నీ అడ్డ తీగలే. కోడలు ల్యాబు మనిషి కాబట్టి ప్రతిదీ మరిగే నీళ్ళలో ముంచితే గానీ ఒప్పుకోదు. నైలాన్ కాస్తా వేడికి సాగి ఉయ్యాలలా అయిపోయింది. మళ్ళీ విప్పి, ఈసారి వెంట్రుకంత సన్నని స్టీలు తీగ తెప్పించి, చట్రానికి పదకొండేసి తీగలు బిగించాడు. ప్రతి తీగకీ రెండు చివర్లా బెజ్జంలోంచి దూర్చి, తన చుట్టూ తాను మూడు మెలికలు తిప్పిన ముడి.

ఆ ఆదివారం చూడాలి! అడ్డ తీగల చట్రం దింపి ఒక్కసారి లాగింది. గడ్డ పొరలు పొరలుగా తెగింది. నిలువు తీగలది దింపి అటోసారి, ఇటోసారి. చెంచాతో ఎత్తి చూస్తే ముక్కలన్నీ స్కేలు పెట్టి కొలిచినట్టు ఒక్కటే సైజు. "మామయ్యా!" అని కోడలు వంటింట్లోంచి పెట్టిన కేకకి అత్తగారు కంగారుపడి చీపురుతో సహా పరిగెత్తుకొచ్చింది. మర్నాడు అచ్చులోంచి తీసిన చీజ్ నున్నగా, గట్టిగా, ఎక్కడా బీట లేకుండా ఉంది. మాస్టారు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. అప్పట్నుంచి ప్రతి వారం కోత అయ్యాక చట్రాలు మీటి చూసి, వదులైన తీగలు మార్చే పని ఆయనదే. ఉప్పు డబ్బా మూత జోలికి మళ్ళీ పోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆయన దాచిన సంగతి. ఆర్నెల్లుగా ఆయనకి దగ్గరి చూపు ఆవిరి పట్టిన అద్దంలా ఉంటోంది. మొదట్లో బల్బు మీద నెపం వేసి మూడుసార్లు బల్బు మార్పించాడు. నైలాన్ అయితే ఎలాగో కనిపించేది. ఈ స్టీలు తీగ సుతరామూ కనిపించడం లేదు. గోటితో గాటు తడిమి, వేలికొసతో బెజ్జం వెతుక్కుని, అందాజు మీద దూర్చి ముడి వేస్తున్నాడు. చెప్పొచ్చుగా? చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. "పాపం, మీరెందుకు శ్రమపడతారు మామయ్యా," అంటారు. చట్రాలు చేతిలోంచి తీసుకుంటారు. మళ్ళీ బాల్కనీ, మళ్ళీ తువ్వాళ్ళు. అందుకని కుక్కిన పేనులా ఊరుకున్నాడు.

ఇలా ఉండగా కింది అంతస్తులో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం నడిపే టీచరమ్మ ఓ రోజు ఆ చీజ్ రుచి చూసింది. ఉద్యోగాలకెళ్ళే తల్లులు పొద్దున్న దింపి సాయంత్రం తీసుకెళ్ళే పిల్లలు, మొత్తం పద్నాలుగు మంది ఆవిడ దగ్గర ఉంటారు. "సోమవారం నాలుగింటికి మా పిల్లలకి పెడతాను, ఇలాంటి గుండ్రటి చీజ్ చక్రం ఒకటి చేసిస్తావా?" అని కోడల్ని అడిగింది. అది కోడలి మొదటి ఆర్డరు. శనివారం మాస్టారు రెండు చట్రాలకీ తీగలు మార్చి బిగించాడు. ఆదివారం పొద్దున్న స్టేడియానికి పోయి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆర్డరు సంగతి చెప్పుకున్నాడు. ఇంటికొచ్చేసరికి కోత అయిపోయి, చీజ్ అచ్చులో బరువు కింద ఉంది. సోమవారం పొద్దున్న కోడలు డ్యూటీకి పోతూ పోతూ దాన్ని కింద ఇచ్చి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం కునుకు తీసి లేచి, మాస్టారు వంటింట్లో మేకుకి తగిలించిన నిలువు తీగల చట్రం తీసుకున్నాడు. గోటితో వరసగా మీటాడు. ఒకటి, రెండు, మూడు... మధ్యలో ఎక్కడో గోరు గాల్లో పడింది. పన్ను ఊడిన చోట నాలుక తగిలినట్టు. మళ్ళీ మొదట్నుంచి మీటాడు. పది. ఇంకోసారి మీటాడు. పదే. పదకొండో తీగ లేదు.

ఆయన గుండె జారి కాళ్ళ దగ్గర పడింది.

తీగ కింద పడిందేమోనని వంటిల్లంతా మోకాళ్ళ మీద పాకి నేలని తడిమాడు. లేదు. కోడలు తీసిందేమో? తీస్తే చెప్పకుండా ఉంటుందా, చీమ కుట్టినా ముగ్గురికి చెప్పే పిల్ల! అంటే ముడి ఊడిపోయింది. కళ్ళు కనిపించకుండా వేసిన ముడి, గడ్డలో ఉండగానే ఊడిపోయింది. ముక్కలై చీజ్‌లో పోయింది. ఆ చీజ్ కింద ఉంది. గడియారం చూస్తే నాలుగుకి పావుగంట తక్కువ.

అబద్ధం ఎందుకు, రెండు నిమిషాలు ఆయన అక్కడే కొయ్యబారిపోయి నిలబడ్డాడు. కోడలి మొదటి ఆర్డరు. పిల్ల ఎంత సంబరపడింది! తను పోయి అందులో తీగ ఉందంటే, ఇంకెప్పుడైనా ఎవరైనా కొంటారా? ఒకవేళ లేకపోతే? లేకపోతే అనవసరంగా పరువు తీసినట్టవుతుంది. ఇలా అనుకుంటూ ఉండగా కింద నుంచి చిన్న చిన్న స్టీలు ప్లేట్ల చప్పుడు వినిపించింది. అంతే, ఇంకేం ఆలోచించలేదు.

"అమ్మాయికి ఫోన్ చెయ్యి! తీగ ఎక్కడుందో అడుగు!" అని భార్యకి కేకేసి, తన ఫోను కూడా మర్చిపోయి మెట్లవైపు పరిగెత్తాడు. లిఫ్టు ఉంది, ఉంటే ఏం లాభం? లిఫ్టు మెకానిక్ కాపురముండే బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యడం ఎవరైనా చూశారా? మూడంతస్తులూ గోడ పట్టుకుని దిగాడు.

పద్నాలుగు మంది పిల్లలూ పొట్టి కుర్చీల్లో కూర్చుని ప్లేట్ల మీద చేతులతో దరువేస్తున్నారు. టీచరమ్మ చీజ్‌ని ముక్కలు కోసి, పళ్ళెంతో మొదటి పిల్లాడి దగ్గరికి వస్తోంది.

"ఆగండి! పెట్టొద్దు, పెట్టొద్దు!" మాస్టారు పళ్ళేన్ని రెండు చేతులా పట్టేసుకున్నాడు.

"ఏమైంది మాస్టారూ? ఏంటా ఆయాసం? ముందు కూర్చోండి."

"దాంట్లో తీగ ఉండొచ్చమ్మా. పాలగడ్డ కోసే చట్రంలో స్టీలు తీగ ఒకటి లేదు. నేను కట్టిందే. ఊడి ఇందులో పడిందేమో."

టీచరమ్మ పళ్ళెం వదిలేసి వెనక్కి తిరిగి చూసింది. కిటికీ దగ్గర కూర్చున్న మూడేళ్ళ పిల్ల, బుగ్గలు తప్ప మొహంలో ఇంకేమీ కనిపించని పిల్ల, మూతి తుడుచుకుంటోంది.

"అయ్యో, బుగ్గలమ్మకి ఇందాకే ఒక ముక్క పెట్టానండీ. ఏడుస్తుంటే ఊరుకోబెడదామని," అంది.

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

టీచరమ్మ గట్టి మనిషి కాబట్టి సరిపోయింది. బుగ్గలమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోరు తెరిపించి చూసింది, కడుపు నొక్కి చూసింది. పిల్ల కితకితలని నవ్వింది. మిగతా పిల్లలకి ఆయా చేత అరటిపళ్ళు పెట్టించింది. ఇద్దరూ చేతులు కడుక్కుని, చీజ్ మొత్తం పెద్ద పళ్ళెంలో పోసుకుని వెతకడం మొదలుపెట్టారు. గోడ బోర్డు మీది అంకెల అయస్కాంతాలు తెస్తానని ఆవిడ లేవబోయింది. "లాభం లేదమ్మా, ఇది అయస్కాంతానికి అంటుకునే స్టీలు కాదు. తీగ చుట్ట కొన్నప్పుడే పెట్టి చూశాను. చేత్తోనే చూడాలి," అన్నాడు మాస్టారు. ఒక్కో ముక్కా తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి పొడి చేశాడు. టీచరమ్మ కళ్ళతో చూస్తోంది, ఆయన వేళ్ళతో చూస్తున్నాడు. కోడలు ఆదివారమంతా కాపలా కాసి చేసిన చక్రం పావుగంటలో తెల్లని రవ్వ అయిపోయింది. తీగ లేదు.

లేకపోతే సంతోషించాలి కదా? ఆయనకి ఇంకా భయం వేసింది. ఇందులో లేదంటే ఎక్కడుంది?

అప్పుడే భార్య దిగొచ్చింది. చేతులు మోచేతుల దాకా మట్టి. "అమ్మాయి ఫోను ఎత్తట్లేదండీ, లాకర్లో పెట్టి ఉంటుంది. నిన్న తేటంతా పూలకుండీల్లో పోసింది కదా అని కుండీలన్నీ తవ్వాను. ఏమీ లేదు," అంది. కుండీలు తవ్వే తొందరలో ఆవిడ తన ఫోను కూడా పైనే వదిలేసింది.

"ఇంక ఆలస్యం చెయ్యకూడదు. వాళ్ళమ్మకి ఫోన్ చేసి, ఆస్పత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిద్దాం," అని టీచరమ్మ లేచింది.

"నేనూ వస్తాను. ఆ తల్లికి నేనే చెప్పాలి," అన్నాడు మాస్టారు. వెంట్రుకంత తీగ. పసిదాని పేగులు ఎంతుంటాయి? ముప్పై ఎనిమిదేళ్ళలో తను కట్టిన తీగ తెగి ఒక రాకెట్ పోయింది, ఒక ఆట పోయింది, అంతే. ఒక్కనాడూ ఒక మనిషికి ఏమీ కాలేదు. బుగ్గలమ్మ వచ్చి ఆయన మోకాలు పట్టుకుని, "తాతా, ఇంకోటి," అంది. ఆ మాటకి ఆయన పిల్లని దగ్గరికి తీసుకోబోయి, తీసుకోలేక, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

టీచరమ్మ నంబరు నొక్కుతుండగా తలుపు దభాలున తెరుచుకుంది. కోడలు. జడ ఊడిపోయి ఉంది, ల్యాబు కోటు కూడా విప్పలేదు, ఒక కాలికి చెప్పు లేదు.

"ఎవరికి ఏమైంది? మామయ్యకేనా? అత్తయ్యకా? పద్దెనిమిది మిస్డ్ కాల్స్! తిరిగి చేస్తే ఒక్కరూ ఎత్తరే!" అని, ఇద్దర్నీ నిలువునా చూసి గోడకి ఆనుకుపోయింది. "బానే ఉన్నారుగా. దేవుడా, బానే ఉన్నారు."

"అమ్మాయ్," అన్నాడు మాస్టారు. "చట్రంలో తీగ ఒకటి లేదమ్మా. చీజ్‌లో పడిపోయింది. బుగ్గలమ్మ ఒక ముక్క తినేసింది."

కోడలు ఆయన వంక చూసింది. పళ్ళెంలో రవ్వ చూసింది. అత్తగారి మట్టిచేతులు చూసింది. మెల్లగా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో మామయ్యా! ఆ తీగ నేనే తీసేశాను!"

టీచరమ్మ ఫోనులో అవతల ఎవరో "హలో, హలో" అంటున్నారు. ఆవిడ దాన్ని కట్ చేసి, పిల్లల పొట్టి కుర్చీలో కూలబడింది. ఆ కుర్చీ ఆవిడ్ని ఎలా మోసిందో ఆ కుర్చీకే తెలియాలి.

"నిన్న పొద్దున్న చట్రాలు మరిగే నీళ్ళలో ముంచి తీస్తుంటే ఒక తీగ జారి చేతికొచ్చింది. పాలల్లో పెట్టకముందే. మామూలుగా చేసినట్టే, పదునైన వస్తువు కదా అని వెంటనే మూత డబ్బాలో వేసేశాను. తీగ లేని ఆ సందు మటుకు గడ్డని కత్తితో కోశాను," అంది కోడలు. ల్యాబు అలవాటు అది. అక్కడ సూది చేతిలో పట్టుకుని రెండడుగులు కూడా నడవనివ్వరు, వాడిన చోటే డబ్బాలో పడాలి. ఇంట్లో కూడా విరిగిన పిన్నీసు, పాత బ్లేడు, ఏదైనా సరే, ఆ పిల్ల చేతిలోంచి నేరుగా గూట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకే పోతుంది.

"మరి చెప్పొద్దుటే పిల్లా!" అత్తగారు విరుచుకుపడింది. "మా ప్రాణాలు తోడేశావు! పచ్చగా ఉన్న కుండీలన్నీ పీకిపోశాను!"

కోడలు నీళ్ళు నమిలింది. "చెబుదామనే అనుకున్నాను అత్తయ్యా. మామయ్య స్టేడియం నుంచి ఎంత సంతోషంగా వచ్చారో మీరూ చూశారుగా. అప్పుడు ముడి సరిగ్గా పడలేదని ఎలా చెప్పను? ఇవాళ నేనే మెల్లగా ఇంకో తీగ కట్టేద్దామనుకున్నాను."

టీచరమ్మ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టింది. "మీ ఇంట్లో ఒకరి మీద ఒకరికున్న ప్రేమ నా ప్రాణం మీదకొచ్చిందే తల్లీ! ఇకమీదట చీజ్‌తో పాటు పదకొండు తీగలూ ఉన్నాయని చీటీ రాసి పంపు. లేకపోతే తీసుకోను."

అంటే ఇకమీదట కూడా తీసుకుంటుందన్నమాట. కోడలి మొహం విప్పారింది. మాస్టారి మొహం మాత్రం అలాగే ఉంది. ఆయనకి నమ్మకం కుదరలేదు. తన బాధ చూడలేక ఈ పిల్ల అప్పటికప్పుడు కల్పించి చెబుతోందేమో! అలాంటి పిల్లే మరి.

"ఆ డబ్బా తీసుకురా అమ్మా. నాకు ఆ తీగ చూపించు," అన్నాడు.

కోడలు ఆ ఒంటి చెప్పు కూడా వదిలేసి మెట్లెక్కి, డబ్బా పట్టుకొచ్చింది. పట్టకారుతో లోపల వెతికి తీగని బయటికి తీసి, స్పిరిట్ దూదితో ఆ చివర నుంచి ఈ చివరకి తుడిచింది. పిల్లల నల్ల చార్టు కాగితం ఒకటి బల్ల మీద పరిచి, దాని మీద తీగని సాగదీసి పెట్టింది.

"ఇదిగో మామయ్యా. పూర్తి తీగ. కనిపిస్తోందా?"

మాస్టారు వంగి చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. నల్ల కాగితం కనిపించింది. బల్ల అంచు కనిపించింది. కాగితం మీద ఇంకేమీ లేదు. "ఆఁ, ఉందిలే" అని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆర్నెల్లుగా అలాంటి మాటలు అనడం ఆయనకి బాగా అలవాటే. కానీ పక్కన బుగ్గలమ్మ నిలబడి ఉంది. ఆ పిల్ల కడుపులో ఏమీ లేదని తేలాల్సిన చోట, చూడనిది చూశానని ఎలా అంటాడు?

"లేదమ్మా. కనిపించట్లేదు," అన్నాడు. "నాకు తీగలు కనిపించి ఆర్నెల్లయింది. తడుముకుంటూ కడుతున్నాను. ముడి బెజ్జంలోంచి పోయిందో, పక్కనుంచి పోయిందో నాకు తెలియదు. మీకెవరికీ చెప్పలేదు. పని తీసేసుకుంటారని భయమేసింది."

భార్య మట్టిచేత్తోనే ఆయన భుజం పట్టుకుంది.

కోడలు ఆయన కుడిచెయ్యి తీసుకుని, చూపుడువేలిని కాగితం మీద ఒక చోట ఆనించింది. "అయితే చేత్తోనే చూడండి మామయ్యా. మెల్లగా. కొస పదునుగా ఉంటుంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేలికింద చిన్న ఉంగరంలాంటి మెలిక తగిలింది. ఒకటి, రెండు, మూడు చుట్లు. తను వేసినవే. అక్కణ్నుంచి వేలు జరుపుకుంటూ పోయాడు. తీగ ఎక్కడా తెగలేదు, ఎక్కడా వంగలేదు, పొడుగునా నున్నగా సాగింది. కాగితం సగం దాటింది, ఇంకా ఉంది. ఆ చివర మళ్ళీ మెలిక. ఒకటి, రెండు, మూడు. నమ్మకం చాలక అటు నుంచి ఇటు ఇంకోసారి వచ్చాడు.

"రెండు ముళ్ళూ ఉన్నాయి," అన్నాడు. "రెండూ ఉన్నాయమ్మా. మొత్తం ఇక్కడే ఉంది."

అని, అంత పెద్దమనిషీ పద్నాలుగు మంది పిల్లల ముందు బల్ల మీద తలపెట్టుకుని భోరుమన్నాడు. పిల్లలు అరటిపళ్ళు తినడం ఆపి చూశారు. కోడలు ఆయన వీపు నిమురుతూ, "రేపు సెలవు పెడతాను, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. శనివారానికి తీగలు మీరే కట్టాలి, నేను పక్కన కూర్చుని బెజ్జం చూపిస్తాను," అంది. ఆయన తల ఎత్తకుండానే సరేనన్నట్టు ఊపాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, చేతులు మళ్ళీ కడుక్కుని వచ్చి, బుగ్గలమ్మని ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"పెట్టండి టీచరమ్మా," అన్నాడు. "రవ్వైతే ఏంటి, రొట్టె మీద చల్లి పెట్టండి. ముందు ఈ పిల్లకి."